పురుగు పాలు

కాయ పైకి మంచిగనే ఉంటది.
పచ్చగ, నున్నగ, పిడికిట్ల ఇమిడేంత.
లోపలికి జొచ్చిన తొవ్వ కూడ కనవడదు.
ఎంట్రుకంత ఉన్నప్పుడే దూరుతది పురుగు,
దాని ఎనుక కాయనే తలుపేస్తది.

కార్తీకంల ఒక పొద్దుగాల
వరంగల్ నుంచి స్కూటీ మీద వచ్చింది సుచరిత.
సంచిల ఒక బ్లేడు, ఒక నోటుబుక్కు.
"అక్కా, ఇరవై పచ్చికాయలు తెంపుకరా.
ఏరి తెంపకు, నడుసుకుంట
చెయ్యికి ఏదందితే అది" అన్నది.

ఒడ్డు మీద తువ్వాల పరిచి కోసినం.
మొదటిది తెల్లగ.
రెండోది తెల్లగ.
మూడోదాంట్ల
రెండు గింజలను ఒక్కదానికొకటి కుట్టుకోని
ఆ నడిమిట్ల పండుకోనున్నది,
పసిపిల్ల చిగురంత గులాబిరంగుల.
సొగసుగనే ఉన్నది, అబద్ధమెందుకు?

ఇరవైల పదమూడు.
రాసుకోని పెన్ను మూసింది.

"గింజలనే మందు పెట్టినమని గదా అమ్మింది?
తిన్నది తిన్నకాడనే సావాలె గదా?"

"సచ్చినయి అక్కా, శాన ఏండ్లు సచ్చినయి.
యాడనో ఒకటి సావలే.
అది ఇంకో సావనిదాన్ని ఎతుక్కున్నది.
వాటి పిల్లలకు ఇప్పుడు మందే బువ్వ."

జరసేపాగి అడిగింది:
"ఇత్తనాల సంచితోని ఒక చిన్న పాకెట్ వచ్చేది,
యాదికున్నదా?"

ఎందుకు యాదికి లేదు?
మొదటేడు మేక తిన్నది.
రెండో యేడు పొయ్యిల పోస్తే పటపట పేలినయి,
పిల్లలు చప్పట్లు కొట్టిన్రు.
తర్వాత తర్వాత సంచి ఇప్పంగనే
ఒడ్డవతలికి ఇసిరేసుడే.
పక్క చెల్క ఓదేలు అయితే
దుకాణంలనే ఒదిలిపెట్టి వచ్చెటోడు,
మోసుడు దండుగని.

"అది పురుగు పాలు అక్కా" అన్నది సుచరిత.
"మందు లేని సాళ్లు చెల్క సుట్టూత ఉంటే
మందెరుగని పురుగులు అండ్ల బతికి
రెక్కలొచ్చి లేస్తయి.
సావనిది వాటితోని జతగట్టాలె.
అప్పుడు పుట్టేటియి మళ్ల మందుకు లొంగుతయి."

పంట పురుగు పాలయిందని
మన్ను వోసుకున్న దినాలు యాదికొచ్చినయి.
దాని పాలు దానికియ్యక
మొత్తం దాని పాలే చేసినమా?

ఆ యేడు ఎనుమాముల మార్కెట్ల
అడ్తి దుకాణపాయన మా బోరెంల చెయ్యివెట్టి
గుప్పెడు గుంజి, ఎండకు పట్టి,
మాట్లాడకుంట మళ్ల అండ్లనే కుక్కిండు.
ఆ కుక్కుడే ధర.

మిరుగు చినుకులకు పరకాల దుకాణంకు పోయి అడిగితే
ఎనుక అర్రల, ఎలుకలు కొరికిన అట్టపెట్టెల నుంచి
దులిపి తీసిచ్చిండు. పైసలు తీసుకోలే.
మొలుస్తయో మొలువయో అన్నడు.

సుట్టూత ఐదు సాళ్లు ఏసిన.
"పురుగులకు సదావర్తి పెట్టింది" అని ఓదేలు
కైకిలోల్లందరికీ చెప్పి నవ్వించిండు.
మా అత్త కొంరమ్మ మాత్రం నవ్వలే.
"కల్లంల పిట్టకింత, చీమకింత తీస్తుంటిమి,
వీటికే తియ్యలే" అన్నది,
అని, మందు డబ్బా దాచిపెట్టింది
నాకు మనసు మారుతదేమోనని.

సుచరితను ఒక్కటే అడిగిన: "ఇగ తక్కువైతదా?"
ఫోన్ల జరసేపు ఏం ఇనవడలే.
"ఆలస్యమైంది అక్కా" అన్నది.
"నీ ఒక్కదానితోని కాదు.
అయినా ఏసినవు గదా."

లింగాకర్షక బుట్టల రోజూ లెక్కవెడుతున్న.
ఆడదాని వాసన పూసిన రబ్బరుముక్క కోసం
రాత్రంత కొట్టుకోని పడ్డయి:
నిన్న ఆరు, ఇయ్యాల తొమ్మిది.

పొద్దుగాల ఐదో సాలుల
ఇచ్చుకోని పువ్వొకటి కనవడ్డది,
గుడ్డిపువ్వు.
రెక్కలకు రెక్కలు దారంతోని కుట్టి
లోపల తింటున్నది.
ఏలుతోని జరంత ఇప్పి చూసిన.
ఇన్నేండ్లు గోటితోని చిదిమిన చెయ్యి
గోరు ఎత్తి అట్లనే ఆగింది.

ఇది ఆ మందెరుగనిదేనా,
ఓదేలు చెల్కల నుంచి వచ్చిన సావనిదా?
మొకం చూస్తే తెలువదు.
ఇప్పిన రెక్కలను మళ్ల దగ్గరికి ఒత్తిన.
అవి అతుకలే.
జరసేపు అట్లనే పట్టుకోని నిలవడ్డ.