బాల్కనీ అడుగు

నవంబరులో తంపెరెకి మూడున్నరకే చీకటి పడుతుంది.
మా ఆఫీసు ఒకప్పటి నూలు మిల్లు.
కదుళ్లు తిరిగిన హాల్లో ఇప్పుడు
కంప్యూటర్ల ఫ్యాన్లు తిరుగుతాయి.
ఎవరూ కాపురముండని వీధులు నేస్తాం మేము.

నా వంతు బాల్కనీలు.
కాలవకి ఆవలి గట్టున నూట పద్నాలుగు.
కమ్మీకి తుప్పు, తుప్పు కింద పాత ఆకుపచ్చ,
ఒకదాని మీద ఆరేసిన దుప్పటి,
ఇంకోదాని మీద మొక్క ఎండిపోయిన కుండీ.
ఆటగాడు ఈ గట్టు దిగడు. ఆ గట్టు ఎక్కడు.
అందుకని కంటికి ఆనినంతే చేశాను.
కింద? కింద ఏమీ లేదు.
పైన పటారం, లోన లొటారం అంటారే,
ఆ లొటారాన్ని నెలజీతానికి చేసేవాణ్ణి.

నీళ్లు సైమి పని.
రెండేళ్లు ఆమె నీళ్లు నన్ను కాపాడాయి:
తెర మీదున్న బొమ్మనే తీసుకుని
తలకిందులు చేసి పరిచేవి.
తెర అంచు దాటిన పడవ
నీళ్లలోంచి కూడా మాయమయ్యేది,
అప్పులవాణ్ణి చూసి సందు తిరిగినట్టు.
ఎవరూ పట్టించుకోలేదు. ఆటలో తుపాకులున్నాయి.

ఒక మంగళవారం ఆమె కిరణాలు వదిలింది.
ఒక్కో చుక్క నుంచీ ఒక్కో కిరణం
నీటిని తాకి, వచ్చిన వాలులోనే పైకి లేచి,
అక్కడ ఏముందని అడుగుతూ పోయింది.
నా బాల్కనీల దగ్గరా అడిగింది.
జవాబు లేదు.
కాలవ నిండా నూట పద్నాలుగు చిల్లులు,
చిల్లుల్లోంచి ఆకాశం.
దుప్పటి మాత్రం గాల్లో వేలాడుతోంది.

సైమి నవ్వలేదు. కోటు తొడుక్కో, అంది.

ఆనకట్టకు పైన, నీళ్లు ఇంకా పరుగందుకోని చోట,
వంతెన కమ్మీకి ఆనుకున్నాం.
వెలుతురు రెండోసారి మరిగించిన టీలా ఉంది.
నా మెడ పట్టి వంచింది:
"తిన్నగా కిందికి చూడు, రాళ్లు.
ఇప్పుడు తలెత్తి దూరంగా చూడు, ఊరు.
నీళ్లు అవే. నీ చూపు వాలే వేరు."

ఎదుటి ఇంటి రెండో అంతస్తులో
ఒక ముసలావిడ తివాచీ దులుపుతోంది.
నేరుగా చూస్తే ఎర్ర టోపీ, బిగించిన పెదవులు.
నీళ్లలో టోపీ లేదు, పలకల వెనక దాక్కుంది.
పలకల సందుల్లోంచి ఉన్ని మేజోళ్లు,
ఎడమ మడమకి వేరే రంగు దారంతో అల్లిన మాటు.
బాల్కనీ అడుక్కి ఎవరో నీలం రంగు వేశారు,
బాతులు తప్ప చూసేవాళ్లు లేని చోట,
రెండు పూతలు.

"ప్రతిబింబమంటే మనం చూసినదాని నకలు కాదు," అంది సైమి,
"నీళ్ల కింద నిలబడి చూసేవాడి చూపు."
తర్వాత ముక్కు చీదుకుంది. చలి.

మేమక్కడ ఉండగానే దీపాలు వెలిగాయి.
ఒక్కో దీపమూ నీళ్ల మీద పొడుగ్గా సాగి
నా కాళ్ల దాకా వచ్చి ఆగింది.
పక్కకి జరిగాను. అదీ జరిగింది.
వంతెన మీద నడిచే ప్రతివాడి వైపూ
అదే దీపం, వేరే దారి.

మూడు వారాలు అడుగులు చేశాను.
పలకలు, మేకు తలలు, చెమ్మ మరకలు,
వేసవిలో ఏదో పిట్ట వదిలేసిన గూడు.
ఒకదానికి నీలం.

తొర్స్తి లెక్క చూశాడు. ఫ్రేముకి నాలుగు మిల్లీసెకన్లు.
"మన దగ్గరున్నవి ఒకటిన్నర," అన్నాడు,
తనే తప్పు చేసినట్టు.
పాత యంత్రాల్లో పాత నీళ్లే పారతాయి.
కొత్తవాటిలో ఒక మెనూ, దాని లోపల ఇంకో మెనూ,
అందులో ఒక గడి.
టిక్కు పెడితే నిజం.
పెట్టినవాడూ పరిగెడుతూనే ఉంటాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, ఎందుకో,
భోజనాల బల్ల కింద దూరాను.
ఆరేళ్లుగా దాని మీదే తింటున్నాను.
అడుగున నునుపు చెయ్యని చెక్క,
ఎండిపోయిన జిగురు బొట్టు,
పెన్సిలుతో ఒక అంకె: 47.
ఏడుకి అడ్డంగా చిన్న గీత.
ఎవరి చెయ్యో.
ఫోను వెలుగు ఆర్పాక కూడా
కాసేపు అక్కడే వెల్లకిలా పడుకున్నాను.