కాలి కింద ఇంకో కాలు

కొత్త బస్సుకి కళ్ళున్నాయని
డిపోలో నిమ్మకాయలు తొక్కించిన రోజే చెప్పారు.
అద్దం వెనక అగ్గిపెట్టంత కన్నొకటి,
బంపర్లో ఇంకొకటి.
"నువ్వు మరిచిపోయినా అది బ్రేకేస్తాది, దాలినాయుడూ"
అన్నాడు కంపెనీ నుంచొచ్చిన కుర్రాడు
ఇరవయ్యారేళ్ళ నా కుడికాలి వైపు చూడకుండా.

విజయనగరం నుంచి సాలూరు.
గజపతినగరం దాటితే
చోడి వెన్నులు తార్రోడ్డు మీద పరిచి
మా చక్రాల చేత నూర్పించుకుంటారు,
ఎప్పట్నుంచో ఉన్న బేరం.
కొత్త బస్సు వాటిని చూసింది,
గోడ అనుకుంది కాబోలు,
నిలబడిపోయింది.
లోపల నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీదొకరు పడ్డారు.
చేట పట్టుకుని రోడ్డు వార ముసలమ్మ:
"ఏటి నాయినా, మా గింజలు తొక్కనని
అలిగిందేటి నీ బస్సు?"

మా మేనకోడలు తవిటమ్మ డ్రోను తిప్పుతాది,
మొక్కజొన్న మీద మందు కొడతాది.
వీపున ట్యాంకు మోసి మోసి
చర్మం పొలుసులు రాలిన మా బావ
ఇప్పుడు గట్టు మీద కూర్చుని చూస్తాడు.
ఒంటికి సుఖమే. కూలీయే నేదు.
బ్యాటరీ తగ్గితే తిరిగిరావడం డ్రోనుకి తెలుసు,
నడుమ తాటిచెట్టుందని తెలీదు.
మట్టల్లో ఇరుక్కున్నదాన్ని దించడానికి
మా బావనే ఎక్కించారు.
ఆ రోజుకి కూలి ఇచ్చారు.

భోగాపురం ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకాయన
ముందు సీట్లో కూర్చుని
విమానాలు చాలామటుకు వాటంతటవే ఎగురుతాయన్నాడు.
"మరి పైలట్లకి జీతం దేనికండీ?" కండక్టరు రవణమ్మ.
"ఏ పనీ లేనప్పుడు మెలకువగా ఉన్నందుకు."
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పది రోజులకి, ఆఖరి ట్రిప్పు,
రామభద్రపురం ఇవతల
చేతులకి పని తగ్గితే కళ్ళు ఊరుకుంటాయా,
రెప్ప పడింది.
కీచుమని బస్సు ఆగాక చూశాను:
లైటు లేని సైకిలు, వెనక గడ్డిమోపు,
హెడ్‌లైట్ల వెలుగులో పదేళ్ళ గుంటడు
నోరు తెరిచి.
మడ్‌గార్డుకీ బంపరుకీ మధ్య జానెడు.
నా కాలు?
యాక్సిలరేటరు మీదే ఉంది.

గుంటడు తొక్కుకుంటూ పోయాడు,
తిరిగైనా చూళ్ళేదు.

డిపోలో లోపాల పుస్తకం ఉంటుంది.
చోళ్ళ దగ్గర ఆగిన రోజు రాశాను:
"తనంతట తానే ఆగిపోతోంది."
ఆ రాత్రి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని
మళ్ళీ అదే వాక్యం రాశాను.

పొద్దున్న మెకానిక్కు రెండూ చదివి అడిగాడు:
"సరిచెయ్యమంటావా, ఒగ్గీమంటావా?"

చోళ్ళ కాలం ఇంకా నెల ఉంది.