స్థిరమైన

అడిలైడ్‌లో పార్లమెంటుకీ పెద్ద కోర్టుకీ మధ్య
ట్రాములో మూడు స్టాపులు, టికెట్టు అక్కర్లేదు.
నేను టైపు కొట్టిన ఒక్క మాటకి
ఆ దూరం దాటడానికి పదకొండేళ్లు పట్టింది.

ఆ రాత్రి గుర్తుంది.
అద్దెల బిల్లు, పద్నాలుగో క్లాజు.
"శాశ్వతమైన నివాసం" అని రాశాడు మా నెట్టెల్‌బెక్.
శాశ్వతం వద్దన్నారు అటువైపు వాళ్లు.
అది లేకపోతే బిల్లే వద్దన్నారు ఇటువైపు వాళ్లు.
పన్నెండు దాటాక, చల్లారిన పైలోంచి మాంసం ముక్క ఏరుకుంటూ
వాలరూ సభ్యుడన్నాడు:
"స్థిరమైన, అని పెడితే?"
పామూ చావలేదు, కర్రా విరగలేదు.
అందరూ కోట్లు వెతుక్కున్నారు.
దాని అర్థం ఈ రాత్రికి తేల్చక్కర్లేదని మాత్రం
అన్ని పక్షాలూ ఏకగ్రీవం.
అక్షరం అక్షరం కొట్టి, కామా సరిచూసి,
ఆఖరి ట్రాము తప్పిపోయి నడిచి వెళ్లాను.

మొన్న ఫిబ్రవరి. గ్యాలరీలో మూడో బెంచీ.
రిటైరైన వాళ్లకి ఎండాకాలం కోర్టంత చలవ చోటు లేదు.
మోరీన్ ట్రెజైజ్, డెబ్బయ్యొక్కేళ్లు.
పోర్ట్ పిరీ దగ్గర కారవాన్ పార్కులో
ఒక పాత స్కూలు బస్సులో ఉంటుంది.
ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు.
స్థిరమైన నివాసమైతే తొంభై ఇవ్వాలి.

ఓనరు లాయరు లేచాడు:
స్థిరమంటే నేలని పట్టుకున్నది, యువరానర్.
దీనికి పునాది లేదు. స్టీరింగ్ ఉంది.
బస్సు పుట్టిందే కదలడానికి.

ఆవిడ లాయరు చిన్నపిల్ల, చేతిలో కాగితం వణుకుతోంది:
స్థిరమంటే మనిషి స్థిరపడ్డది.
చక్రాలు తీసి తొమ్మిదేళ్లు.
ఇరుసు కింద జెరేనియం పొద కట్టింది.
పోస్టుమాన్ డ్రైవరు కిటికీలోంచి ఉత్తరాలిస్తాడు.

జస్టిస్ ఓక్డెన్ కళ్లద్దాలు తుడుచుకుంది.
నిఘంటువు తెప్పించింది.
అందులో స్థిరానికి పధ్నాలుగు అర్థాలు,
ఒక్కటీ ఉన్నచోట ఉండదు.
ఆ రాత్రి చర్చల సంపుటి తెప్పించింది.
అందులో పై లేదు, కోట్లు లేవు.
"సవరణ ఆమోదింపబడినది." అంతే.

అప్పుడు అడిగింది ఇద్దర్నీ:
"ఈ మాట వాడినప్పుడు పార్లమెంటు ఉద్దేశం ఏమిటి?"

జవాబు నా గొంతుదాకా వచ్చింది.
నిద్ర, యువరానర్.
వాళ్ల ఉద్దేశం నిద్ర.
కానీ గ్యాలరీకి నోరుండదు.
నాకు మొదట్నించీ ఉన్నవి పది వేళ్లే.

మూడు వారాలకి తీర్పు. ముప్పై రెండో పేరా:
"తన ఉత్తరాలు ఎక్కడికొస్తాయో ఒక మనిషికి తెలిసిన చోటుని
అస్థిరం అనాలని ఈ చట్టసభ అనుకుని ఉండదు."

అనుకోలేదు, నిజమే.
అలా అనుకోలేదు, ఇలానూ అనుకోలేదు.
ఎవరికీ తట్టని ఒక ఆలోచనని
నలభై ఏడు మంది ఖాతాలో రాసేసింది ఆవిడ,
కాన్పు దగ్గర లేని తండ్రి పేరు
రిజిస్టర్లో ఎక్కించినట్టు.
అబద్ధమా అది?
ట్రాము స్టాపుదాకా అదే ఆలోచించాను.
ఇంకా తేలలేదు.

నా వెనకే మెట్లు దిగొచ్చింది మోరీన్,
ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో తీర్పు నకలు.
నన్ను ఎవరనుకుందో,
"ఇంటికెళ్లాలమ్మా, బస్సెన్నింటికి?" అంది.
ముందు ఆ లాయరు పిల్ల నవ్వింది,
తర్వాత మోరీనే.

నాలుగింటికి, అన్నాను.
ఒకటే ఉంది. పరిగెత్తాలి.