పుట రెండువందల పన్నెండు

హాలిఫాక్స్‌లో ఫిబ్రవరి.
రేవు మీద పొగమంచు, పొగలో ఎక్కడో ఫెర్రీ కూత.
లా స్కూల్ గ్రంథాలయం నేలమాళిగలో
నా బల్ల మీదకి ఒక ఫారం వచ్చింది:
ప్రొఫెసర్ ఒడెట్ సూరెట్. పరిశోధన ప్రభావం.
అంకెల్లో రాయవలెను.

గడి చిన్నది. నాలుగంకెలు పడతాయి.
బియ్యానికి సోల ఉంది, నేతికి గిద్దె ఉంది.
ఒక ఆలోచన ఎన్ని తలల్లోకి ఇంకిందో
డీన్ రాంకిన్ గారికి శుక్రవారంలోగా కావాలి.

ఆవిడ రాసింది సముద్రం విసిరేసే వస్తువుల గురించి.
పగిలిన ఓడ దూలం, తెగిన వల,
పేరు చెరిగిపోయిన పీపా.
అల తెచ్చి పడేసింది ఎవరి సొత్తు?
పోగొట్టుకున్నవాడిదా,
వంగి ఎత్తుకున్నవాడిదా?
నలభై నాలుగు పుటలు, నూట ముప్పై పాదసూచికలు.
ఉపమానం ఒక్కటీ లేదు.

యంత్రాన్ని అడిగాను.
రెండువందల పద్నాలుగు, అంది తడుముకోకుండా.

నేను పాతకాలపు గుమాస్తాని, ఒక్కొక్కటే తెరిచాను.
ముప్పై ఒకటి ఆవిడ తన్ను తానే తలుచుకున్నవి.
పంతొమ్మిది శిష్యులవి, శుభలేఖలో పెద్దల పేర్లలాగ.
ఇరవయ్యారు చోట్ల "దీనికి విరుద్ధంగా చూడుడు."
ఒకాయనైతే రెండు పేరాలు కడిగిపారేశాడు.
యంత్రానికి చీవాటూ ఒకటే, చప్పట్లూ ఒకటే.
మిగతావి చాలావరకు గుంపులో గోవిందలు,
పదకొండు పేర్ల వరసలో ఆవిడ ఏడో పేరు.

అప్పుడు తగిలింది నలభై మూడో పాదసూచిక.
ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగిలం మీద పాత దావా,
సంపుటం ఎనిమిది, పుట రెండువందల ఇరవై ఒకటి.
నిచ్చెన వేసి సంపుటం దించాను. తుమ్మాను.
ఆ పుటలో ఒక ఆవు, ఒక కంచె,
ఇద్దరు బావామరుదుల తగాదా.
తిమింగిలం రెండువందల పన్నెండులో పడుకుని ఉంది.

అచ్చులో అంకెలు చోటు మార్చుకున్నాయి, అంతే.
కానీ ఆ తప్పు ఎంత దూరం తిరిగిందనీ!
టొరంటో, లీడ్స్, ఓస్లో, కేప్‌టౌన్...
యాభై ఎనిమిదిమంది పండితులు, మక్కికి మక్కి,
ఆవు మేస్తున్న పుటలో
తిమింగిలాన్ని కళ్ళారా చూశామన్నారు.

సంపుటం మూసేయబోతూ వెనక అట్ట చూశాను.
జిగురు ఎండి లేచిన రెండు చీటీలు.
ఒకటి తొంభైనాలుగులో, గైస్‌బరో నుంచి ఒక వకీలు:
*పుట 221 కాదనుకుంటాను. వెతికి పంపగలరు.
తుఫానుకి కొట్టుకుపోయిన ఎండ్రబోనుల కేసు.
వాయిదా సోమవారం.*
రెండోది డునెడిన్ నుంచి, ఒక విద్యార్థిని:
*దయచేసి 212.*
గెలిచారో ఓడారో చీటీలు చెప్పవు.
రెండువందల పద్నాలుగులో వీళ్ళిద్దరూ లేరు.

గురువారం సాయంత్రం ఆవిడే దిగివచ్చింది,
కోటు మీద మంచు దులుపుకోకుండానే.
ఎంత, అని అడుగుతుందనుకుని
నోట్లో అంకె సిద్ధంగా పెట్టుకున్నాను.

"నలభై మూడు చూశావా?" అంది.
చూశానన్నాను.
"ముప్పై ఏళ్ళుగా ఎవరైనా
ఉత్తరం రాస్తారేమోనని," అని ఆగింది.
చీటీలు ఆవిడ ముందుకు జరిపాను.

చాలాసేపు చదివింది. ఉన్నవి నాలుగు ముక్కలే.
వకీలు సంతకం మీద బొటనవేలు పెట్టి
"సోమవారం," అంది, తనలో తాను,
ఆ వాయిదా ఇంకా రాలేదన్నట్టు.

తర్వాత అరలోంచి తన వ్యాసం ఉన్న సంచిక తీసి,
నా బల్ల మీది పెన్సిల్ అందుకుని,
నలభై మూడు దగ్గర వంగింది.

గ్రంథాలయం పుస్తకాల మీద రాయరాదు.
ఆ బోర్డు నేనే వేలాడదీశాను.
పెన్సిల్ గీరుకున్న చప్పుడు వినబడుతుంటే
కిటికీ వైపు తిరిగి
రాని ఫెర్రీ కోసం చూస్తూ నిలబడ్డాను.