ఇక్కడ చింపండి

తార్తు ఊళ్ళో జనవరి.
ఎనిమిది కొట్టినా తెల్లవారదు.
ఎమయొగి నది గడ్డకట్టి, మంచు కప్పుకుని,
మూత రాని డబ్బాలా కిటికీ కింద పడి ఉంది.

నేను నాలుగో వార్డులో బండి తోస్తాను.
బండి నిండా పళ్ళేలు, పళ్ళేల నిండా మూతలు.
గోరంత వెన్నకు ఒక రేకు,
గోళీకాయంత జామ్‌కు ఒక రేకు,
రేకు అంచున చీమ తలంత చెవి.
చెవి పట్టి లాగమంటుంది బొమ్మ.
లాగితే చెవి చేతికొస్తుంది,
మూత మాత్రం అలిగిన అల్లుడిలా బిగుసుక్కూర్చుంటుంది.

జున్నుకు ఎర్రదారం ఉందట.
ఉన్నమాట నిజమే, ఎక్కడో మొదలవుతుంది కూడా.
ఆ మొదలు దొరికినవాళ్ళు
ఈ వార్డులో ఇంకా చేరలేదు.

ఆరో మంచం మీది ముసలాయన ఎండెల్
పాలబుడ్డితో ముందు మర్యాదగా మాట్లాడతాడు,
తర్వాత సైన్యంలో నేర్చిన రష్యన్‌లో మాట్లాడతాడు.
పాలు అతని మాట విని
ఒక్కసారిగా దూకుతాయి, దుప్పటి మీదికి.

తొమ్మిదో మంచం లెయిడా ఏమీ అనదు.
పక్షవాతం ఎడమచేతిని పట్టుకుపోయింది.
పళ్ళెం పెడితే “ఐతా” అంటుంది,
పళ్ళెం తీస్తే “ఐతా” అంటుంది.
నల్లరొట్టె తింటుంది, దానికి మూత లేదు కాబట్టి.
ఆ ‘కాబట్టి’ నాకు అప్పుడు తట్టలేదు.
చార్టులో నేనే రాశాను, వరసగా పదకొండు రోజులు:
ఆకలి లేదు.

ఆదివారం మా ఇంట్లో మాంసం ముక్కల ప్యాకెట్.
‘సులువుగా తెరుచుకుంటుంది’ అని దాని మీద ఒక నవ్వుముఖం.
గోరు, పన్ను, చెంచా కాడ, చివరికి చాకు.
చాకు ప్లాస్టిక్‌ను వదిలేసి నా బొటనవేలిని ఎంచుకుంది.
నెత్తురు కారుతుంటే పట్టీ వెతికాను.
పట్టీకి కాగితం. కాగితం మీద బాణం.
ఇక్కడ చింపండి.
ఎక్కడరా నాయనా?
ఉన్నది ఒక్క చెయ్యి.

ఒక్క చెయ్యి.
సింకు ముందు అలాగే నిలబడిపోయాను.

సోమవారం లెయిడా సొరుగు తీశాను.
పదకొండు వెన్నలు, పదకొండు జామ్‌లు,
ఉన్ని మేజోళ్ళ కింద వరసగా పేర్చి.
కొన్ని రేకుల మీద పంటి గాట్లు.
ఆమె గోడవైపు తిరిగి పడుకుంది,
దొంగ సొత్తు దొరికిపోయినట్టు.

ఆ పూట అన్ని మూతలూ నేనే ఊడదీసి ఇచ్చాను.
పళ్ళెం వెనక్కి నెట్టింది.
“నేను పసిపిల్లను కాదు.”
ఆమె నోట నేను విన్న మొదటి వాక్యం.

ఇప్పుడు బండి వార్డులోకి రాకముందే
నడవాలో నిలబడి, ప్రతి రేకునూ
ముప్పాతిక దాకా లేపి
మళ్ళీ వేలితో ఒత్తేస్తాను, ఎవరూ ముట్టనట్టు.
చివరి పాతిక వాళ్ళది.
పది నిమిషాలు ఆలస్యం. హెడ్ నర్సు ఉర్వె
గడియారం చూపిస్తుంది. చూపించనీ.

ఇవాళ లెయిడా పెరుగు గిన్నెను
దిండుకీ కడుపుకీ మధ్య ఇరికించి
కుడిచేత్తో చెవి పట్టి లాగింది.
చటుక్కున వచ్చేసింది.
నా కళ్ళజోడు మీద పెరుగు, కాలరు మీద పెరుగు.
ఆరో మంచం మీంచి రష్యన్‌లో ఏదో వినపడింది.
లెయిడా నవ్వింది, నోటికి ఒక పక్కనే.

చార్టులో రాశాను:
పెరుగు తిన్నది, సగం.
మిగతా సగం నేను.