అచ్చుపడని సీసం

బ్ర్నోలో జనవరి. పదకొండు దాటింది.
ఆఖరి ట్రాము గంట కొట్టుకుంటూ
మలుపు తిరిగిపోయాక
మూడో అంతస్తులో ఒక్క కిటికీ మిగిలింది.

ద్రహొమీర బల్ల మీద ఆకుపచ్చ బోర్డు,
దాని నడుమ గోరువెచ్చని నల్ల చిప్పు.
ఏం కమ్మంటే అది అవుతుందని పేరే గాని
ఇవాళ మాట వినడం లేదు.

తీగలోంచి ప్యాకెట్లు వస్తున్నాయి.
లోపల దారి నాలుగు బైట్ల వెడల్పు,
నలుగురేసి పట్టే బెంచీలు వరసగా వేసినట్టు.
ముందు నడిచే హెడరుకేమో పద్నాలుగు మంది.
మూడు బెంచీలు నిండి
నాలుగోదాని మీద ఇద్దరు కూర్చుంటే
వెనకాలొచ్చిన రెండో హెడరు తల
ఆ పక్కనే ఇరుక్కుంది.
తెర మీద అదే, వందోసారి:
08 00 45 00.
ఆ నలభై అయిదు కొత్త బెంచీ ఎక్కాలి.
యతి తప్పిన అక్షరంలా
నడుమ కూర్చుని దిక్కులు చూస్తోంది.

రెండు రోజులుగా ఒకటే పని:
వచ్చిన సగాన్ని పట్టి ఉంచడం,
మరుసటి క్లాకు దెబ్బకి వచ్చే సగంతో అతకడం.
అతుకు బాగానే కుదిరింది.
చిప్పుకే ఊపిరి అందలేదు.
టైమింగ్ రిపోర్టు నిండా ఎరుపు.

"దీపం వెలుగుతుంటే వచ్చాను."
కాపలా వవ్రినెత్స్, చేతిలో ఫ్లాస్కు.
ఒకప్పుడు అచ్చాఫీసులో కంపోజిటరు;
గోళ్ళ కింద సీసం ఇంకా ఉందని ఆయన నమ్మకం.
అంకెలు అర్థం కాలేదు. వరస తప్పడం తెలిసింది.
"ముందు రెండు ఖాళీలు వెయ్యకపోయావా?"
"ఖాళీలా?"
"అక్షరం లేని సీసం. పొట్టిది. సిరా అంటదు,
కాగితం మీద కనబడదు.
తీసి చూడు, పేజీ చేతిలోనే రాలిపోతుంది."
మూతలో టీ పోసిచ్చి వెళ్ళిపోయాడు.

ప్యాకెట్టు దిగే గుమ్మంలోనే
రెండు సున్నా బైట్లు నిలబెట్టింది.
ఎవరి చిరునామా కావు, ఎవరికీ కబురు కావు.
పద్నాలుగూ జరిగి పదహారయ్యాయి.
బిల్డు నలభై నిమిషాలు పట్టింది.
టీ చల్లారింది.

45 00.
బెంచీ మొదట, కాళ్ళు చాపుకుని.
మధ్యలో నాలుగు బైట్ల ట్యాగు దూర్చి చూసింది,
అయినా చెడలేదు. ఒక్కతే నవ్వుకుంది.

ఆ తర్వాత చివర చూసింది.
తల సర్దుకున్నందుకు తోక రెండడుగులు జరిగింది.
ఆఖరి బెంచీలో ఎవరు నిజం, ఎవరు ఖాళీ,
మళ్ళీ లెక్క కట్టాలి.
రేపు.

కింద వవ్రినెత్స్ కునుకు తీస్తున్నాడు.
ఫ్లాస్కు మూతని
ఆయన కళ్ళజోడుకి రెండు వేళ్ళ ఎడంగా
చప్పుడు కాకుండా పెట్టింది.