ఇరవై రెండు మిల్లీమీటర్లు

రాదరమ్ షెడ్డులో, ఫిబ్రవరి పొద్దున,
పక్కకి పడుకోబెట్టిన క్రేను దూలం.
ఇరవై నాలుగు మీటర్లు.
కొంటున్న కంపెనీ మనిషి ఒక కన్ను మూసి
ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు.
సుద్దతో రాశాడు: వంకర.

ఓల్డ్‌రాయిడ్ ఏమీ అనలేదు.
టీ మగ్గు ఉక్కు మీదే పెట్టి
లోపలి అంచు వెంట తీగ బిగించి కట్టాడు.
నట్టనడుమ స్కేలు నిలబెట్టాడు.
ఇరవై రెండు.
డ్రాయింగులో నేను వేసిన అంకె.

మొక్కై వంగనిది మానై వంగదంటారు మా వైపు.
అందుకే రేకుగా ఉన్నప్పుడే
గ్యాసు మంటతో ఒంపు కోయించాను.
వెల్డింగు అయ్యాక
బతిమాలినా వినదిది.

"తిన్నగా కడితే ఏం పోయింది?"
అప్రెంటిస్ షనీస్ అడిగింది, చేతి తొడుగు కొరుకుతూ.

తన బరువుకే కాస్త కుంగుతుంది.
ట్రాలీ ఎక్కి, కొక్కేనికి పది టన్నులు తగిలితే
నడుం ఇంకా జారుతుంది.
అప్పుడు పట్టాలు పల్లం.
ట్రాలీ అడక్కుండానే నడిమికి దొర్లుతుంది,
తిరిగి రావాలంటే గుట్ట ఎక్కుతున్నట్టు మోటారు మూలుగుతుంది.
బ్రేకు వేశాక కూడా
జానెడు జరిగి ఆగుతుంది సరుకు,
కింద ఎవరో నిలబడ్డ చోట.

"అయితే మొత్తం బరువుకీ సరిపడా ఎత్తండి."
ఎత్తితే ఖాళీ రోజున గూని.
ట్రాలీ గట్టు మీద పోసిన నీళ్లలా
రెండు వైపులకీ పారిపోతుంది.

కాబట్టి తన బరువు మొత్తం,
మోసేదాంట్లో సగం.
మిగతా సగానికి కుంగనీ అని వదిలేశాను.
ఆ వదిలేయడానికే మూడు రాత్రులు పట్టింది.

ఓల్డ్‌రాయిడ్ నడుం పట్టుకుని లేచాడు.
దానికి ముందుగా ఎవరూ ఏ లెక్కా వేయలేదు.
షనీస్ సుద్ద అందుకుని
వంకర పక్కన రాసింది: కావాలనే.

ఏప్రిల్లో పరీక్ష.
పసుపు రంగు పూసుకుని పైన నిలబడింది దూలం.
నాలుగు టన్నులు వేలాడినప్పుడు
గీత గీసినట్టు తిన్నగా,
ఎవరూ అటు చూడని ఒక్క క్షణం.
పది టన్నులకి ఆ గీత కిందికి దిగింది.
నేను ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను.

బరువు దించారు.
ఖాళీ కొక్కెం ఊగుతూ పైకెళ్లింది,
దాని వెనకే, కొద్దికొద్దిగా, దూలం.

కంపెనీ మనిషి మళ్లీ ఒక కన్ను మూశాడు.